తంగేడు పూల బస్సు

ఇప్పుడు బడుల్లో పనిచేస్తున్న కుర్ర టీచర్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే ఏమేం జాగ్రత్తలు పడాలని అడుగుతారు. మంచినీళ్ళు, మందుల పెట్టె, తల్లిదండ్రుల సంతకాలు అని చెప్తాను. బుద్ధిగా రాసుకుంటారు. చివర్లో, "బస్సులో పిల్లల్ని నోరు మూసుకోమని మాత్రం చెప్పకండి" అంటాను. దాన్ని ఎవరూ రాసుకోరు. పెద్దావిడ సరదాకి అంటోందనుకుని నవ్వి ఊరుకుంటారు. నేను సరదాకి అనడం లేదు. ఆ మాట వెనక ఒక రోజు ఉంది. దాన్ని ఇక్కడ చెప్పేస్తే ఇక మీ ఇష్టం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మా బడి. చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళు, జిరాక్సు షాపులు. ఆటస్థలం అంటే మేడ మీది డాబానే. నేను అక్కడ సోషల్ చెప్పేదాన్ని. మాది నల్గొండ వైపు పల్లెటూరు. పెళ్ళయి పట్నం వచ్చాక ప్రైవేటుగా పరీక్షలు కట్టి డిగ్రీ తెచ్చుకున్నాను. అయితే నాకు చదువు చెప్పింది ఆ డిగ్రీ కాదు, మలక్‌పేట వైపు ఉన్న గ్రంథాలయం. మధ్యాహ్నాలు అక్కడ ఫ్యాను తిరిగే మూల కుర్చీ కోసం పేపర్లు చదివే పెద్దమనుషులతో పోటీ పడేదాన్ని. కోటల గురించి, చెరువుల గురించి, చెట్ల గురించి అట్ట ఊడిపోయిన పుస్తకాలు ఏవి దొరికితే అవి చదివాను. ఏ గురువూ దగ్గర కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు, కొంచెం గర్వం కూడా.

ఆ పుస్తకాల్లోనే ఒకరోజు తెలిసింది, మా బడికి నడిచి వెళ్ళేంత దూరంలో మూసారాంబాగ్ గుట్ట మీద, నిజాం కొలువులో పనిచేసిన ఒక ఫ్రెంచి సైన్యాధికారి సమాధి ఉందని. రోజూ ఆ గుట్ట పక్కనుంచే బడికి వచ్చే పిల్లలకు ఆ సంగతి తెలియదు. వాళ్ళని నడిపించుకుని తీసుకెళ్ళాను. పాఠం చెప్పబోతే ఒక్కడూ వినలేదు. సరే, అందరూ రాయి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకోండి అన్నాను. ఎండకు ఒక పక్క కాలుతోంది, ఇంకో పక్క చల్లగా ఉంది. "మేడం, ఈ రాయిని ఇంత నున్నగా ఎట్ల చేసిన్రు?" అని ఒక పిల్లవాడు అడిగాడు. అప్పుడు పాఠం మొదలైంది. అది మొదలు, ఏటా పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళడం నాకు అలవాటైపోయింది. సరూర్‌నగర్ చెరువు గట్టుకు, వనస్థలిపురం జింకల పార్కుకు, ఊరి బయట బండరాళ్ళ మీదికి. నేను పెట్టిన నియమాలు చిన్నవే. చూసిందాన్ని ముట్టుకోవాలి. గోడలో ఉన్న రాయిని కదిలించకూడదు. చెట్టుకు పూసిందాంట్లో కొంచెమే కోయాలి, మిగిలింది తేనెటీగలకు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ అంటే బడి మూత. బడి తెరిస్తే ఏ మూల రాస్తారోకో ఉందో కనుక్కుని బస్సు తిప్పాలి. మా తరగతిలో సగం మంది పిల్లలు గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళవాళ్ళు. మిగతా సగం నల్గొండ, పాలమూరు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. పిల్లలకు పట్టింపేమీ లేదు, ఒకరి డబ్బాలో కూర ఒకరు తినేవాళ్ళు. పెద్దవాళ్ళమే స్టాఫ్ రూములో పేపరు తెరిచినప్పుడు మాటలు ఏరుకుని మాట్లాడుకునేవాళ్ళం.

ఆ ఏడు నేను రాచకొండ తీసుకెళ్తానన్నాను. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా పోయి లోపలికి తిరిగితే గుట్టల్లో పాత కోట ఉంది. సున్నం లేకుండా బండ మీద బండ పేర్చిన గోడలు, ద్వారాలు. దసరా సెలవులకు ముందు గనక దారంతా తంగేడు పూసి ఉంటుంది. ఆ పూలు తెచ్చి మర్నాడు బడిలో బతుకమ్మ పేర్చాలని నా ఆశ. సగం మంది పిల్లలకు అది ఇంట్లో పండుగ, మిగతా సగం మంది దాన్ని టీవీలో తప్ప చూడలేదు.

మా బడి నడిపే కరస్పాండెంట్ గారిది గుంటూరు వైపు. మంచి మనిషి, భయస్తుడు. ఆ రోజుల్లో రెండూ కలిస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

"ఈ గొడవల్లో హైవే ఎక్కడం అవసరమా మేడం గారూ? ఏదన్నా జరిగితే తల్లిదండ్రులు నన్ను బతకనిస్తారా?" అన్నారు.

"ఆ రోజు బంద్ పిలుపేమీ లేదు సార్. పొద్దున్నే పోయి పొద్దుగూకకముందే వస్తాం."

చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నారు. "సరే. మా మనవరాలిని కూడా మీ బస్సే ఎక్కిస్తున్నాను. దాన్ని చూస్తే మిగతావాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది. కానీ ఒక్క మాట. చిన్న ఇబ్బంది వచ్చినా సరే, ఈ బయటి పాఠాలకు ఇదే ఆఖరు. మళ్ళీ నన్ను అడగొద్దు."

ఆ మనవరాలు ఏడో తరగతి. రెండు జడలు, ఆగని నోరు. క్లాసులో నేను ఒక వాక్యం చెప్పేలోపు రెండు ప్రశ్నలు వేసేది.

నాతో పాటు మా సైన్సు సారు వచ్చారు. ఆయనది గోదావరి వైపు, చెట్టు కనపడితే చాలు పేరు చెప్పకుండా ముందుకు కదలని మనిషి. డ్రైవరు మా నల్గొండ పక్కవాడే, ఉద్యమమంటే ప్రాణం. అద్దం మీద జై తెలంగాణ స్టిక్కరు అంటించాడు. కరస్పాండెంట్ గారు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నారు. నిజానికి ఆ స్టిక్కరు ఉంటేనే ఆయనకు కాస్త నిమ్మళం.

కోట దగ్గర రోజు బ్రహ్మాండంగా గడిచింది. పిల్లలు బండల సందుల్లోకి వేళ్ళు దూర్చి, సున్నం ఉందని నాతో వాదించి, లేదని తేల్చుకుని ఒప్పుకున్నారు. ద్వారం కింద నిలబడి నెత్తిమీది బండను చూసి, "ఇది మన మీద పడదా మేడం?" అన్నారు. ఇన్ని వందల ఏళ్ళుగా పడలేదు కదా అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు గుట్ట కింద తంగేడు పొదలు పచ్చగా వెలిగిపోతున్నాయి. సైన్సు సారు ఒక్కొక్కరికి ఒక్కో పొద అప్పగించి, కొమ్మ విరవకుండా కోయడం నేర్పారు. ఈ చెట్టు బెరడుతోనే పూర్వం తోళ్ళు పదును చేసేవాళ్ళని చెప్పారు. చేను గట్ల మీద తెల్లటి గునుగు పూలు కూడా దొరికాయి. బియ్యం సంచులు నిండాయి. బస్సు వెనక సీట్లన్నీ పూలే.

హయత్‌నగర్ దాటి వనస్థలిపురం దగ్గరికి వచ్చేసరికి బండ్లు ఆగిపోయాయి. ముందు లారీలు, వెనక లారీలు. ఎల్బీనగర్ నుంచి రోడ్డంతా కూర్చున్నారని, అప్పటికప్పుడు ఇచ్చిన పిలుపని పక్క బస్సువాళ్ళు చెప్పారు. దూరంగా డప్పులు వినపడుతున్నాయి.

"జర ముంగటికి పోయి సూసొస్త మేడం. మనోళ్ళే ఉంటరు, మాట్లాడి దారి ఇడిపిస్త," అని డ్రైవరు దిగిపోయాడు. పోయినవాడు ఎంతకూ రాలేదు.

ఫోను మోగింది. కరస్పాండెంట్ గారు.

"మేడం గారూ, టీవీలో ఎల్బీనగర్ చూపిస్తున్నారు. మీరు ఎక్కడున్నారు?"

"దగ్గరికి వచ్చేశాం సార్. కాసేపట్లో..."

"మా పిల్ల?"

"నా పక్కనే ఉంది సార్."

"దాని చెయ్యి వదలకండి," అన్నారాయన, లైను తెగిపోయింది. నాకు అప్పుడు భయం పట్టుకుంది. అంతవరకూ మామూలు రాస్తారోకోనే, కాసేపట్లో లేస్తారులే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే బస్సు నిండా నా మాట నమ్మి పంపిన పిల్లలు, డ్రైవరు లేని స్టీరింగు, ముందుకూ వెనక్కూ కదలని రోడ్డు.

ఆ సమయంలోనే సైన్సు సారు ఆ పని చేశారు. ఆయన్ని తప్పు పట్టను, నేనూ తలూపాను. ఆయన పిల్లల వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పారు.

"ఇదిగో, అందరూ వినండి. ఎవరన్నా బస్సెక్కితే ఒక్కళ్ళూ నోరెత్తకూడదు. మీ మాట వింటే ఎక్కడివాళ్ళో తెలిసిపోద్ది. ఏమడిగినా మేడం గారే చెబుతారు. అర్థమైందా?"

"తెలిస్తే ఏమవుద్ది సార్?" అని కరస్పాండెంట్ గారి మనవరాలు అడిగింది.

"ఇదిగో, ఇదే! ఇదే వద్దంటున్నా!" అన్నారాయన.

మాట దాచుకుంటే మనిషిని దాచుకున్నట్టే అనుకున్నాం మేమిద్దరం. అట్లాంటి ఆలోచన ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో మా ఇద్దరికే వచ్చి ఉండదు.

కాసేపటికి కుర్రాళ్ళు వరసగా బండ్లు చూసుకుంటూ వచ్చారు. మెడలో గులాబీ కండువాలు. ఒకడు మా బస్సు రేకు మీద దబదబ బాదాడు. "డ్రైవర్ ఏడి? టైర్ల గాలి తీస్తున్నం, అందరు దిగున్రి!" ఇంకొకడు మెట్లెక్కి లోపలికి వచ్చాడు. "యాడికెళ్ళి ఒస్తున్రు?"

ఇప్పుడు నేను మాట్లాడాలి. నాది నల్గొండ. ఆ కుర్రాడు మాట్లాడే మాటే నేను పుట్టి పెరిగిన మాట. కానీ ఇన్నేళ్ళు బోర్డు ముందు నిలబడి, గ్రంథాలయంలో కూర్చుని, ఆ మాట ఎక్కడ పెట్టానో ఏమో, గాభరాలో నోటికి రాలేదు. "మేము విద్యార్థులను చారిత్రక ప్రదేశ సందర్శనకు తీసుకువెళ్ళి తిరిగి వస్తున్నాము," అన్నాను.

ఆ కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "గిదేంది మేడం, వార్తలు సదువుతున్నవా?"

కింద ఉన్నవాళ్ళు నవ్వారు. అతను పిల్లల వైపు తిరిగాడు. "ఏం తమ్మీ, ఏం జూసొచ్చిన్రు?" ఎవరూ పలకలేదు. "ఏ బడి మీది?" చడీ చప్పుడు లేదు. అన్ని కళ్ళూ నేల చూస్తున్నాయి. పక్షుల పేర్లు చెప్పమంటే ఒకరినొకరు తోసుకునే పిల్లలు. అంతమంది ఉన్న బస్సులో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. అతని ముఖంలో నవ్వు పోయింది. మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేశాడు. "అవ్వా! ఓసారి ఇటు రావే. గీ పోరగాండ్లు సప్పుడే జేస్తలేరు. వీళ్ళనెవరో బెదిరిచ్చిన్రు. నాకెందుకో అనుమానంగుంది."

అంటే ఇప్పుడు అనుమానం మా ఇద్దరి మీద. పిల్లల్ని ఎక్కడినుంచో ఎత్తుకొస్తున్నవాళ్ళలాగా కనపడుతున్నాం. సైన్సు సారు జేబులో గుర్తింపు కార్డు కోసం వెతుక్కుంటున్నారు. అది ఆయన ఆ పొద్దున వేరే చొక్కాలో మరిచిపోయి వచ్చారని తర్వాత తెలిసింది.

పసుపు చీర కట్టుకున్న ఒక ముసలావిడ మెల్లగా మెట్లెక్కి వచ్చింది. ముందు వరసలో ఉన్న పిల్ల గడ్డం పట్టుకుని, "ఏమాయె బిడ్డా? ఎవలన్న కొట్టిన్రా? ఆకలైతుందా?" అంది. ఆ పిల్ల సైన్సు సారు వైపు చూసి పెదాలు బిగించుకుంది. ముసలావిడ ఇంకో అడుగు వేసి, వెనక సీట్ల మీద సంచులు చూసింది. ఒక సంచి మూతి విప్పింది. లోపల తంగేడు.

"ఓయమ్మ! ఇన్ని పూలు యాడియి?" అంది. ఆ ఆశ్చర్యం అదేదో ఇంట్లో మనిషి ఆశ్చర్యంలాగా ఉంది.

"అవి మావండీ!"

ఆ గొంతు ఎవరిదో తిరిగి చూడకుండానే తెలిసింది. కరస్పాండెంట్ గారి మనవరాలు లేచి నిలబడింది. ఇంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"మేం కోశామండీ. ఒక్కో చెట్టుకి కొంచెమే కోశాం, మిగిలింది తేనెటీగలకి ఉంచాలని మేడం చెప్పారు. రేపు బడిలో బతుకమ్మ చేయాలండీ. మాకు ఎవరికీ సరిగా రాదు, నేర్చుకోవాలి. మీరు అవి తీసేసుకుంటే మాకు ఉండవు."

సైన్సు సారు కళ్ళు మూసుకున్నారు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. మెట్ల మీది కుర్రాడు తల వంచి చూశాడు.

"మస్తు మాట్లాడుతున్నవ్ పాపా. ఏ ఊరు మీది?"

"దిల్‌సుఖ్‌నగర్ అండీ."

"అది గాదు. అంతకు ముందట?"

ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. "అంతకుముందు కూడా దిల్‌సుఖ్‌నగరేనండీ. నేను అక్కడే పుట్టాను."

ముసలావిడ ఒక్కసారిగా నవ్వింది. పళ్ళు లేని ఆ నవ్వుకు బస్సు మొత్తం తల ఎత్తింది. కుర్రాడి వీపు మీద ఒక్కటి చరిచి, "సాలు తియ్ నీ ఎంక్వయిరీ! పిల్ల సరిగనే జెప్పింది," అంది. తర్వాత పిల్ల దగ్గర కూర్చుని బేరం మొదలుపెట్టింది. "సూడు బిడ్డా. మేం రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నం. పట్నంల తంగేడు యాడ దొరుకుతది? బజార్ల బంతి, చామంతి తెచ్చి పేర్చినం. తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మేనా? సగం ఇయ్యరాదు?"

"మేమే పేరుస్తాం అయితే. నేర్పిస్తారా?"

"దా మరి."

అంతే. ఆ మాట పడగానే బస్సులో నిశ్శబ్దం బద్దలైంది. పిల్లలంతా ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. గుంటూరు మాట, నల్గొండ మాట, ఇంగ్లీషు, అన్నీ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియని గోల. ఆ గోల విన్నాక గాని నాకు ఊపిరి అందలేదు. కుర్రాళ్ళే సంచులు దించారు. టైర్ల సంగతి అందరూ మరిచిపోయారు.

రోడ్డు మధ్య ఒక పక్క పొయ్యిలు వెలిగించి వంట చేస్తున్నారు, ఇంకో పక్క ఆడవాళ్ళు తాంబాళాల చుట్టూ కూర్చున్నారు. పొయ్యి దగ్గర పెద్ద గరిటె పట్టుకుని పప్పు కలుపుతున్న మనిషిని చూసి నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మా డ్రైవరు!

"దారి ఇడిపిస్తనని పోయి గీడ వంట జేస్తున్నవా?" అన్నాను. అప్పుడొచ్చింది నా మాట.

"అరె మేడం, మాట్లాడుతనే ఉన్న. జర గరిటె పట్టుమన్నరు," అన్నాడు.

మా పిల్లలు నేల మీద కూర్చుని గుమ్మడాకు పరిచి, తంగేడు పూలు చుట్టూ వరసలు పేర్చారు. గునుగు తొడిమలు ఎంత పొడవు కత్తిరించాలో, పైకి పోయేకొద్దీ వరస ఎట్లా దగ్గరికి చేయాలో ఆ ఆడవాళ్ళు చేతులు పట్టి చూపించారు. సైన్సు సారు కూడా కూర్చున్నారు. ఆయన పేర్చిన వరస ఒక పక్కకు ఒరిగిపోతుంటే, "సారూ, కోట గోడల్ని చూసొచ్చారుగా, అట్లా పేర్చండి," అని ఒక పిల్ల ఎగతాళి చేసింది. పొద్దున్నుంచీ నేను చెప్పింది ఆ పిల్ల చెవిన పడిందన్నమాట. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెచ్చుకోలు అదే అనుకుంటాను.

మధ్యలో ఎవరో కెమెరా పట్టుకుని తిరిగారు. నేను పట్టించుకోలేదు. అందరికీ విస్తళ్ళలో అన్నం, పప్పు పెట్టారు. తర్వాత ఆ పసుపు చీర ముసలావిడే లేచి కుర్రాళ్ళని అదిలించింది. "పిల్లగాండ్ల బస్సు పోవాలె. బండ్లు జరుపున్రి!" లారీ వెనక లారీ జరిగింది. ఒక్క బస్సు పట్టేంత దారి తెరుచుకుంది.

దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి బడి ముందు తల్లిదండ్రులు గుమికూడి ఉన్నారు. కరస్పాండెంట్ గారు గేటు పట్టుకుని నిలబడ్డారు. బస్సు ఆగక ముందే ఆయన మనవరాలు దూకేసింది. జడలో తంగేడు, నుదుట పసుపు. "తాతయ్యా, నేను బతుకమ్మ పేర్చాను! రోడ్డు మీద పప్పన్నం తిన్నాం!"

"చూశానమ్మా," అన్నారాయన. "టీవీలో చూశాను. మన యూనిఫాం కనపడగానే అందరం ఆఫీసు గదిలోకి పరిగెత్తాం. ముందు గుండె ఆగిపోయింది. తర్వాత చూస్తే నువ్వు విస్తరి ముందు కూర్చుని తింటున్నావు." ఆయన నా వైపు తిరిగారు. "అప్పుడు నేనూ భోంచేశాను మేడం గారూ. మధ్యాహ్నం నుంచి ఒక్క మెతుకు ముట్టుకోలేదు."

సెలవుల తర్వాత నన్ను గదిలోకి పిలిపించారు. చిన్న ఇబ్బంది వచ్చినా ఇదే ఆఖరని ఆయన చెప్పిన మాట నాకు గుర్తే. వచ్చింది చిన్న ఇబ్బంది కూడా కాదు. ఏం చెప్పుకోవాలో మనసులో కూర్చుకుని వెళ్ళాను. ఆయన పెన్ను మూత తీసి పెడుతూ, "ఈసారి ఎక్కడికి?" అన్నారు.

నేను కూర్చుకున్నవన్నీ మరిచిపోయాను.

"ఎక్కడికైనా సరే, నేనూ వస్తాను. మా పిల్ల నాకు తంగేడు చూపిస్తానంటోంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నానా, ఆ చెట్టు ఏదో నాకు తెలియదు."

చెప్పినట్టే వచ్చారు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. ఎల్బీనగర్ దాటేసరికి వెనక పిల్లల గోల మొదలైంది. ఎన్నేళ్ళుగానో వరండాల్లో తిరుగుతూ పిల్లల్ని సద్దుమణిగించిన మనిషి, అలవాటుగా వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆ చెయ్యి కాసేపు గాల్లో ఆగింది. తర్వాత మెల్లగా కిందికి దిగి, పిల్లల గోల రోడ్డంతా వినపడేలా పక్కనున్న కిటికీ అద్దాన్ని వెనక్కి తోసింది.